అసిరయ్య తెల్లబరిచిన పుర్రెలు

మా మేనల్లుడు శ్రీను విజయనగరంలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి నేను వెళ్ళలేదు. హోమం పొగలో కూర్చుని కళ్ళు తుడుచుకోవడం నా వల్ల కాదని వాడికి తెలుసు కనుక వాడూ పట్టుబట్టలేదు. నెల తర్వాత ఒక ఆదివారం భోజనానికి పిలిచాడు. హాల్లో అడుగుపెట్టగానే ఎదురుగా గోడమీద దున్నపోతు పుర్రె కనిపించింది. నల్లటి చెక్కకు బిగించి, పైనుంచి చిన్న దీపం వెలుగు దానిమీద పడేలా ఏర్పాటు చేశారు. కొమ్ములు అటూ ఇటూ బారలు చాచినట్టున్నాయి. కుడి కొమ్ముకు ఎర్రదారంతో ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి.

"ఎలగుంది మావయ్యా?" అన్నాడు శ్రీను. "నీకు నచ్చుతాదని నాకు తెలుసు. నువ్వు ఎముకల మాస్టారివి గదా."

"ఈ గోడకే ఎందుకు పెట్టావురా? గుమ్మంలోంచి వచ్చేవాడి నెత్తిన పొడిచేటట్టుంది."

"ముందు దక్షిణం గోడకి అనుకున్నాం. వాస్తు ఆయన ఒప్పుకోనేదు. యముడి దిక్కు, యముడి బండి, రెండూ ఒకే దగ్గిర వద్దన్నాడు. తూర్పుకైతే పరవానేదంట."

"మరి ఆ నిమ్మకాయ?"

"అది మీ కోడలి ముచ్చట. దిష్టికి."

దగ్గరికి వెళ్ళి చూశాను. పళ్ళ మొదళ్ళలో పసుపు జీర దిగింది. ముక్కు దగ్గర పలచటి ఎముక అంచులు పిండిలా రాలిపోయి ఉన్నాయి. కొమ్ములు బూడిదరంగుకు తిరిగి పొరలు లేచాయి. గదిలో కొట్టిన అత్తరు వాసన కింద, ముక్కు ఆనిస్తే, పాత కొవ్వు వాసన. తల మొత్తాన్ని పెద్ద మంటమీద ఉడికించి, కొమ్ములతో సహా బ్లీచింగ్ నీళ్ళలో ముంచి తీశారని చూడగానే తెలిసింది. రెండు వానాకాలాలు గడిస్తే ఆ గోడకింద రోజూ ముగ్గుపిండి ఊడ్చుకోవాలి.

"ఎవరు చేశారు?" అని అడిగాను.

"కొత్తవలస దగ్గిర ఎవరో ఉన్నారంట. ఫోన్లో బుక్ చేశాం. తెచ్చి గేటు దగ్గిర ఇచ్చేసి ఎల్లిపోనాడు."

"పేరేమిటి?"

"పేరుతో పనేటి మావయ్యా? పేజీ ఉన్నాది. కావాలంటే పంపిస్తాను."

ఆ రోజు శ్రీనును తిట్టి రావలసింది. తిట్టడం నా వృత్తి. నలభై ఏళ్ళుగా వాస్తువాళ్ళనీ, దిష్టికాయలనీ, తాయెత్తులనీ వేదికలెక్కి తిట్టాను, పుస్తకాల్లో తిట్టాను. ఆ మధ్యాహ్నం మాత్రం పెట్టిన భోజనం తిని వచ్చేశాను. "పేరుతో పనేటి" అన్న మాట వాడు ఆ రోజు పైకే అన్నాడు. మా ఇంట్లో అదే పని, ఆ మాట పైకి అనకుండా, ఎప్పుడో జరిగిపోయింది. నా జీవితం గురించి ఇన్ని అధ్యాయాలు రాసిన నేను ఈ ఒక్కటీ రాయకుండా తప్పించుకు తిరిగాను.

మా ఊరు గజపతినగరానికి నాలుగు మైళ్ళు. మా నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు, ఐదెకరాల వరి రైతు, చుట్టుపక్కల పది ఊళ్ళకీ ఒక్కడే నాస్తికుడు. మా ఇంట్లో తెల్లవారడం రెండు గొంతులతో తెల్లవారేది. అమ్మ పెరట్లో దీపం పెట్టి సన్నగా ఏదో చదువుకునేది. అది వినబడకుండా నాన్న అరుగుమీద కూర్చుని పేపరు పెద్దగా చదివేవాడు. ఇద్దరూ ఒకేసారి ఆగి చోడంబలికి కూర్చునేవాళ్ళు. అంబలిలోకి ఉల్లిపాయ అమ్మే చితగ్గొట్టి ఇచ్చేది, నాన్న కత్తితో కోసిన ఉల్లిపాయ తినడు. దేవుడి విషయంలో తప్ప మరే విషయంలోనూ వాళ్ళిద్దరూ గొడవపడగా నేను చూడలేదు. ఆదివారాలు అరుగుమీద చర్చ ఉండేది. ఎవరైనా రావచ్చు, ఎవరైనా మాట్లాడవచ్చు, గట్టిగా అరవకూడదు అన్నవి నాన్న పెట్టిన నియమాలు. మూడోదాన్ని ముందుగా తప్పేది నాన్నే. నేను అప్పటికి బీఎస్సీ రెండో సంవత్సరం, జువాలజీ. నాన్న వాదనకు శాస్త్రం మాటలు అందించడం నా పని. ఇంగ్లీషు పేరు ఒకటి పడేస్తే అవతలివాడు నోరు మూసుకుంటాడని చాలా త్వరగా నేర్చుకున్నాను.

ఒక ఆదివారం పక్క ఊరి పురోహితుడు మనిషి పుట్టుక వేరు, పశువు పుట్టుక వేరు అని వాదించాడు. నాన్నకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు మా ముసలి ఎద్దు చచ్చిపోయింది. దాన్ని ఈడ్చుకుపోవడానికి ఊరవతల పేట నుంచి అసిరయ్య వచ్చాడు. చచ్చిన పశువుల్ని మోసుకుపోయి తోలు తీయడం వాళ్ళ ఇళ్ళకు ఊరు అంటగట్టిన పని. ఊరంతా అతన్ని అసిరిగాడు అనేది. నాన్న మాత్రం అసిరయ్యా అని పిలిచేవాడు, అలా పిలిచిన ప్రతిసారీ ఒక సంస్కరణ పూర్తిచేసినంత తృప్తి ఆయన ముఖంలో కనిపించేది. అప్పటికి అసిరయ్యకు నలభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు ఎక్కడో జమీందారు బంగళాలో, వేటాడిన జంతువుల తలలు బాగుచేసి గోడలకు బిగించే ముసలాయన దగ్గర ఆరేళ్ళు పనిచేశాడు. బంగళా పాడుపడ్డాక ఊరికి వచ్చి తోళ్ళ పనిలో పడ్డాడు. ఆ సంగతి మాకు అప్పటిదాకా తెలియదు.

"అసిరయ్యా, ఈ ఎద్దు తల నాకు శుభ్రంచేసి ఇవ్వగలవా?" అన్నాడు నాన్న.

"తలకాయేటి సేసుకుంటారు బాబూ?"

"గోడకు పెడతాను."

అసిరయ్య లోపలి గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "సేసీగలను. మరి అమ్మగోరు మిమ్మల్ని ఇంట్లో ఉంచుతారా?"

లోపల్నుంచి అమ్మ, "తలకాయ గోడకెడితే పెట్టుకోమను, వాసన మాత్రం నా వంటింటికి రాకూడదు," అంది.

వాసన వంటింటికి రాకుండా పశువుల సాల వెనక, వెదురు డొంక పక్కన చోటిచ్చారు. అక్కడ అసిరయ్య ఒక పెద్ద నీళ్ళ గోళెం అడుగువరకే పాతాడు. ముందు కత్తితో వచ్చినంత మాంసం తీసేసి, మెదడు ఒక వంచిన ఇనుపచువ్వతో బయటికి లాగి, తలను వాననీటిలో ముంచి పైన తాటిమట్ట మూత వేశాడు. పది రోజులకు ఆ గోళెం మూత తీస్తే వచ్చే వాసన నేను వర్ణించను. అమ్మ పెరటి గుమ్మంలో రోజూ వేపాకు పొగ వేసేది. ఉడకేస్తే రెండు గంటల్లో అయిపోతుంది కదా అని ఒకరోజు అడిగాను.

"ఉడకేత్తే ఎముకలోకి నూనె దిగిపోద్ది సినబాబూ. పైకి తెల్లగుంటాది, ఏడాదికి పసుప్పచ్చగా ఏడుత్తాది. పనికి తొందరుంటే కూరొండుకో."

వారానికోసారి నీళ్ళు మార్చేవాడు. మార్చేటప్పుడు మూడోవంతు పాత నీరు గోళెంలోనే ఉంచేవాడు. అంత కంపుకొట్టే నీరు ఎందుకు దాస్తున్నాడో అర్థంకాక ఒకసారి నేనే ఎత్తి పారబోయబోయాను. చెయ్యి పట్టుకున్నాడు.

"పారబోసీకు బాబూ. పని సేసీది ఆ పాత నీరే. కొత్త నీరు ఊరికే కూకుంటాది."

నేను గర్వంగా బ్యాక్టీరియా గురించి పావుగంట చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "ఆటి పేరు నాకు తెల్దు గానీ ఆటితో సిన్నప్పటి నుంచీ పని సేయిత్తన్నాను," అన్నాడు. కొమ్ముల సంగతి అన్నిటికంటె ముఖ్యం. కొమ్ము పైన కనిపించేది తొడుగు, లోపల బెజ్జాల ఎముక ఉంటుంది. నీళ్ళలో పదిహేను రోజులు నానితే తొడుగు వదులవుతుంది. దాన్ని మెల్లగా తిప్పి ఊడదీసి, కుడిది ఎడమది కలిసిపోకుండా తాటినారతో గుర్తు కట్టి, ఆముదం రాసి నీడలో ఆరబెట్టేవాడు. పుర్రె ఎన్ని నీళ్ళు మారినా, ఎన్ని మందులు తాగినా తొడుగుకు ఆ తడి తగలనిచ్చేవాడు కాదు. గోళెం నీటిని పాత పంచెలో వడగట్టి ఊడిన పళ్ళు ఏరేవాడు. తర్వాత నెలరోజులు చాకలిసోడా నీళ్ళలో ఎండకు పెడితే కొవ్వు బయటికి వచ్చేది. చివరికి తెలుపు. బంగళా రోజుల్లో ఎండా మంచూ చాలేవట. నేను ఆసుపత్రి కాంపౌండర్ దగ్గర గాయాలు కడిగే నురగమందు తెచ్చిచ్చాను. దాన్ని దూదితో అద్ది, తడిదూదిలో పుర్రెను చుట్టి ఎండలో పెట్టి, ఎప్పుడు విప్పాలో ఆయన చెప్పేవాడు. బ్లీచింగ్ పొడి మాత్రం గుమ్మం తొక్కనివ్వలేదు. "అది కడగదు బాబూ, తినేత్తాది."

ఏడాదిలో మా ముందుగది గోడమీద ఆరు పుర్రెలు చేరాయి. కుక్క, పంది, మేక, పొట్టేలు, ఎద్దు, దున్నపోతు. చిన్న చెక్కలమీద వరుసగా బిగించి, పక్కన నాన్న ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన అట్టలు పెట్టాం. అన్నిటికీ కంటిగుంతలు ఒకచోటే, ఎముకలు అతుక్కున్న కుట్లు ఒకలాగే, మనిషి బొమ్మ చివర పెడితే చూసినవాడికి మాట అక్కరలేదు. పురోహితుడు వచ్చి, చూసి, మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అది మా విజయం అనుకున్నాం. తర్వాత పట్నం డాక్టరు వచ్చాడు, రైస్ మిల్లు నాయుడుగారు వచ్చారు. అలాంటి దున్నపోతు తల తమ హాల్లోకీ ఒకటి కావాలన్నారు. చచ్చిన పశువు ఎముకను పెద్దింటివాళ్ళు ఇంట్లో పెట్టుకుంటామంటున్నారు, మూఢనమ్మకం కూలిపోయిందని నాన్న వారంపాటు పొంగిపోయాడు. వాళ్ళకు కావలసింది జమీందారు హాలు అని, పులిని కొట్టే తాహతులేక దున్నపోతుతో సరిపెట్టుకుంటున్నారని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. అసిరయ్య మాత్రం మా సాల వెనకే కూర్చుని వాళ్ళ తలలూ శుభ్రం చేశాడు. ఎవరు చేస్తున్నారని వాళ్ళు అడగలేదు, మేమూ చెప్పలేదు. ఏడాది పాటు రోజూ వచ్చిన మనిషి ఒక్కసారి కూడా మా అరుగు ఎక్కలేదు. రమ్మంటే రాడు కదా అనేవాడు నాన్న. గట్టిగా ఎప్పుడు రమ్మన్నామో నాకు గుర్తులేదు.

అప్పుడే పట్నంలో కాలేజీవాళ్ళు జువాలజీ మ్యూజియం పెడుతున్నారని తెలిసింది. ఎముకలు శుభ్రపరిచి నిలబెట్టడం తెలిసిన మనిషి ఒకడు కావాలి, చదువు అక్కరలేదు, చేతిపని వస్తే చాలు, ప్రిన్సిపాల్ స్వయంగా చూసి తీసుకుంటారు. నెలజీతం, పింఛను ఉన్న ఉద్యోగం. పేటలో అప్పటికి అలాంటి ఉద్యోగం ఎవరికీ లేదు. నాన్న ఆ కబురు అసిరయ్యకు నా ముందే చెప్పాడు. "ఆ ఉద్యోగం నీదే. ప్రిన్సిపాల్‌ను మా ఇంటికే పిలుస్తాను. పుర్రెలు చూపిస్తాను. నిన్ను చూపిస్తాను."

అసిరయ్య గీకుతున్న కత్తి ఆపాడు. చేతిలో పొట్టేలు దవడ అలాగే ఉండిపోయింది. "అయితే మా పైడమ్మకి తోళ్ళ ఇంటి సంబంధం సూడక్కర్నేదు," అన్నాడు చివరికి. పైడమ్మ ఆయన ఒక్కగానొక్క కూతురు, నా ఈడుది.

ప్రిన్సిపాల్ వచ్చే ఆదివారానికి ముందు రోజు నాన్న కొంచెం నసిగాడు. "అసిరయ్యా, రేపు మిల్లు నాయుడుగారూ వాళ్ళూ కూడా ఉంటారు. నువ్వు సాల దగ్గర ఉండు. ముందు ఎముకను మెచ్చుకోనీ. మెచ్చుకున్నాక నిన్ను పిలుస్తాను. అప్పుడు వాళ్ళు వెనక్కి పోలేరు."

"ఎముకని మెచ్చుకోడానికేటి బాబూ, దానికి ఊరూ పేటా నేవు గదా," అని నవ్వాడు అసిరయ్య.

అది ఎత్తుగడ అనుకున్నాం. సంస్కర్తలకు ఎత్తుగడలంటే ప్రాణం. ఏ మాట ముందు చెప్పాలి, ఏది దాచిపెట్టి తర్వాత బయటపెట్టాలి అని నాన్నా నేనూ రాత్రి భోజనాల దగ్గర లెక్కలు వేసేవాళ్ళం. ఎదుటివాణ్ణి ఒప్పించడానికి దాచిపెట్టే ఆ వస్తువు ఒక మనిషి కావచ్చునని మాకు ఎప్పుడూ ఇబ్బంది అనిపించలేదు.

ఆదివారం పదిగంటలకు ప్రిన్సిపాల్ కారు వచ్చింది. ముందుగదిలో నాయుడుగారు, డాక్టరు, హైస్కూలు హెడ్మాస్టరు. కిటికీలోంచి పెరడు కనిపిస్తుంది. అసిరయ్య సాల గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఉతికిన పంచె, మోచేతులు దాటని తెల్ల చొక్కా. ఆయన చొక్కా వేసుకోగా నేను చూడటం అదే మొదలు. అమ్మ కాఫీలు తెచ్చింది. ప్రిన్సిపాల్ దున్నపోతు పుర్రెను గోడమీంచి దింపించి ఒళ్ళో పెట్టుకుని, ముక్కు లోపలి పలచటి పొరల్ని వెలుతురుకు పట్టి చూశారు. కాలేజీలో ఇంత మంచి పని చూడలేదన్నారు. పొట్టేలు పుర్రె నాయుడుగారి చేతికి వెళ్ళింది.

"ఎవరు చేశారండీ ఇవి?" అని అడిగారు ప్రిన్సిపాల్.

నాన్న నోరు తెరిచేలోపు నాయుడుగారు నవ్వారు. "ఏ పేటోడి సెయ్యయినా తగిలిందేటి మాస్టారూ? ముందే సెప్పండి, కాఫీ తాగేముందు సేతులు కడుక్కుంటాను." అంటూనే పొట్టేలు పుర్రెను బల్లమీద పెట్టి కండువాతో చేతులు తుడుచుకున్నారు.

నాన్న నావైపు చూశాడు. ఊళ్ళో అందరికీ జవాబు చెప్పే మనిషి. "లేదు లేదు. మా అబ్బాయే. బీఎస్సీ జువాలజీ కదా."

నాయుడుగారు కాఫీ అందుకున్నారు.

ఇక్కడివరకూ తప్పు నాన్నదని చెప్పుకుని నేను చాలాకాలం బతికాను. కాని ప్రిన్సిపాల్ తర్వాతి ప్రశ్న నన్నే అడిగారు. "ఎముక ఇంత తెల్లగా ఉంది. కొమ్ములు మాత్రం నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎలా సాధ్యం?" నేను లేచి నిలబడ్డాను. తొడుగు, లోపలి ఎముక, పదిహేను రోజులు నానబెట్టడం, కుడి ఎడమల గుర్తు, ఆముదం. పాత నీరు మూడోవంతు ఎందుకు ఉంచాలో బ్యాక్టీరియాతో సహా చెప్పాను. ప్రతి మాటా అసిరయ్యది, పైన ఇంగ్లీషు పూత నాది. చర్చల్లో నేర్చిన గొంతు అది, ఎక్కడా తొణకలేదు. కిటికీకి వీపు పెట్టుకుని మాట్లాడాను. అది కూడా అనుకోకుండా జరగలేదు.

"డిగ్రీ అవగానే నన్ను కలువు. డెమాన్‌స్ట్రేటర్‌గా తీసుకుంటాను," అన్నారు ప్రిన్సిపాల్. "మ్యూజియం నువ్వే చూసుకుందువుగాని. ఇక దానికి వేరే మనిషెందుకు?"

కారు వెళ్ళాక పెరట్లోకి వెళ్ళాం. నాన్న గొంతు సవరించుకున్నాడు. "అసిరయ్యా, ఇవాళ సందర్భం కుదరలేదు. నేను మళ్ళీ పట్నం వెళ్ళి ఆయనతో ఏకాంతంగా..."

అసిరయ్య ఆయనవైపు చూడలేదు. నాతో అన్నాడు, "కొమ్ము సంగతి బాగా సెప్పినావు సినబాబూ. ఇక్కడికి ఇనబడ్డాది. ఒక్క ముక్క మర్సిపోనావు."

"ఏ ముక్క?" అన్నాను. నిజంగానే అడిగాను. పద్ధతిలో ఏదో తప్పు చెప్పానేమో, ప్రిన్సిపాల్‌కు తెలిసిపోతుందేమోనని నా భయం.

ఆయన సాల వెనక్కి వెళ్ళి, చొక్కా విప్పి వెదురు కొమ్మకు తగిలించి, గోళెం అంచు రెండు చేతులతో పట్టుకుని పీకి ఒరిగించాడు. ఏడాదిగా ఒక్కసారి కూడా ఖాళీ కానివ్వని పాత నీరు వెదురు మొదట్లోకి పారిపోయింది. వంచిన ఇనుపచువ్వ, గీకుడు కత్తి గుడ్డలో చుట్టుకుని, చొక్కా భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మా గుమ్మం మళ్ళీ తొక్కలేదు.

ఆ సాయంత్రం అమ్మ నాన్నకు కంచం పెట్టి అక్కడే నిలబడింది. మామూలుగా ఆవిడ వాదించదు. "దేవుడు నేడని సెప్పడానికి మీకు ముప్పయ్యేళ్ళు పట్టినాది," అంది. "ఆ మనిసి నేడని సెప్పడానికి ఒక్క కాఫీ సరిపోనాది."

"ఒకేసారి రెండు యుద్ధాలు చేయలేం," అన్నాడు నాన్న కంచంలోకి చూస్తూ. ఆ తర్వాత ఆయన ఇంకో పద్దెనిమిదేళ్ళు బతికాడు. రెండో యుద్ధం ఎప్పుడు మొదలుపెడతాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పట్నం కూడా వెళ్ళలేదు.

డెమాన్‌స్ట్రేటర్‌నయ్యాను. మ్యూజియం నాకు అప్పగించారు. మొదటి ఏడాది నేను చేసిన నాలుగు తలల్లో ఒక్కటీ నిలవలేదు. కొత్త నీటిలో మాంసం ఎముకను వదల్లేదు. ఓపికలేక ఉడికించాను, పసుపెక్కాయి. పసుపు పోవడానికి బ్లీచింగ్ వేశాను, వేలితో తాకితే పొడి రాలింది. ఇన్‌స్పెక్షన్‌కు ముందు వాటికి సున్నం పూశాను. శాస్త్రం పాఠాలు చెప్పే గదిలో, అబద్ధానికి సున్నం కొట్టి అద్దాల బీరువాలో పెట్టాను. దిక్కుతోచక కాలేజీ అటెండరును అసిరయ్య దగ్గరికి పంపాను, రోజుకూలీకి వచ్చి చేసి వెళ్ళమని. అటెండరు తిరిగివచ్చి మనిషి ఊళ్ళో లేడన్నాడు. ఊపిరి పీల్చుకున్నాను. వస్తే అందరి ముందూ ఏమని పిలవాలో నాకు తెలియదు.

తర్వాతివి అందరికీ తెలిసినవే. లెక్చరర్‌నయ్యాను, ఉపన్యాసాలు, వ్యాసాలు, సన్మానాలు. కులం మీద రాసిన వ్యాసాలే నాకు ఎక్కువ పేరు తెచ్చాయి. వాటిలో పురాణాలను ఉతికాను, పీఠాధిపతులను ఉతికాను, మా ఊరి నాయుడుగారిని పేరు మార్చి రెండుసార్లు ఉతికాను. మా సాల వెనక్కి మాత్రం వెళ్ళలేదు. ఆ రోజుల్లో జనం పుర్రెను చూసి భయపడేవారు. ఆ భయంతో వాదించవచ్చు, చేతికిచ్చి ముట్టుకోమనవచ్చు. ఇప్పటివాళ్ళకు భయం లేదు, సిగ్గూ లేదు. పుర్రె గోడమీద ఉంటుంది, దానికి వాస్తు ఉంటుంది, నిమ్మకాయ ఉంటుంది, చేసినవాడు గేటు బయట ఉంటాడు. మేము తెచ్చిన మార్పు ఇదా అని నన్ను నేను అడుగుతున్నాను. ఎముకను లోపలికి తెచ్చాం. అంతవరకూ మేము గెలిచాం.

శ్రీను ఇంటి నుంచి వచ్చిన వారానికి ఊరికి వెళ్ళాను. పేటను ఇప్పుడు కాలనీ అంటున్నారు. సిమెంటు రోడ్డు ఉంది. అసిరయ్య ఎప్పుడో పోయాడు. పైడమ్మ జూట్ మిల్లులో పాతికేళ్ళు పనిచేసి, మిల్లు మూతపడ్డాక ఇల్లు చేరింది. అరుగుమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పేరు చెప్పాను. గుర్తుపట్టింది. లేవలేదు. నాకు ఒక కుర్చీ చూపించింది.

వచ్చిన సంగతి చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఇన్నేళ్ళ ఉపన్యాసాల్లో ఒక్క వాక్యం కూడా అక్కరకు రాలేదు. "ఆ ఉద్యోగం మీ నాన్నది," అన్నాను. "మేం ఆయన పేరు చెప్పలేదు."

"తెలుసు," అంది పైడమ్మ.

"తర్వాత ఒకసారి మనిషిని పంపాను. ఊళ్ళో లేడన్నారు."

గింజ తీస్తున్న చెయ్యి ఆగింది. "ఎవులన్నారు? ఇంట్లోనే ఉన్నాడు. నాను పక్కనే ఉన్నాను. కాలేజీ నుంచొచ్చినాను, తలకాయలు పాడైపోతన్నాయి, రమ్మంతన్నారు అన్నాడా మనిసి. మా అయ్య ఏటన్నాడో సెప్పనేదా?"

"లేదు."

"'నాకా పని రాదు బాబూ, సినబాబుకొచ్చు, ఆరినే అడుగు' అన్నాడు. ఆ తర్వాత ఎవులడిగినా అదే మాట. సీపురుపల్లి టేసన్లో మూటలు మోసినాడు. మా ఎద్దు సచ్చిపోతే దాని తలకాయ కూడా ముట్టనేదు. రాదన్నాడు. ఆకరికి నాకూ అదే సెప్పినాడు, నాకెప్పుడూ ఆ పని రానేదే అమ్మా అని."

 తెచ్చుకున్న మాట ఒకటి నా దగ్గర మిగిలి ఉంది. దాన్ని ఆమె ముందు పెట్టాను. "ఇదంతా రాస్తాను పైడమ్మా. ఆయన పేరుతో సహా, మేము చేసింది దాచకుండా రాస్తాను. పుస్తకంలో వేస్తాను."

ఆమె చేతులకు అంటిన చింతపండు గోరుతో గీకి చాటలో వేసింది. నావైపు చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"రాయండి బాబూ," అంది. "ఎంత బాగా రాసినారు, ఎంత నిజం సెప్పినారు అంటారు అందరూ. అదీ మీకే పేరొత్తాది."

మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. నేను కుర్చీలోంచి లేచి, ఎవరూ ఆగమనకపోయినా కాసేపు నిలబడి, వచ్చేశాను. ఆమె మాటకు జవాబు దొరికితే ఈ అధ్యాయం చివర పెడదామని నాలుగు నెలలు ఆగాను. దొరకలేదు. రాశాను. పుస్తకం అట్టమీద నా పేరే ఉంది.